తక్కువ బడ్జెట్‌లో 5.1 సరౌండ్: వాట్స్ నంబర్ కాదు, ముందు వెనకున్న పోర్ట్ చూడండి

నా మొదటి 5.1 సెట్ ఒక లోకల్ బ్రాండ్‌ది, ఏడు వేలకు కొన్నా. ఐదు చిన్న స్పీకర్లు, ఒక పెద్ద సబ్ ఊఫర్, ముందు నీలం లైట్లు, బాక్స్ మీద ఐదంకెల వాట్స్ నంబర్. పాటలు పెడితే గది ఊగిపోయేది. ఇంట్లో అందరం ఇంకేం కావాలి అనుకున్నాం. ఆరు నెలల తర్వాత ఓ రోజు సినిమా మధ్యలో మంచినీళ్లకని లేచి, వెనక స్పీకర్ పక్కనుంచి వెళ్తుంటే హీరో డైలాగ్ అందులోంచి స్పష్టంగా వినిపించింది. హీరో తెరమీద ఉంటే గొంతు నా వెనక గోడ మీదినుంచి ఎందుకొస్తోంది?

అప్పుడు చెక్ చేస్తే అసలు విషయం తెలిసింది. ఆ ఆరు నెలలూ నేను ఒక్క నిమిషం కూడా 5.1 వినలేదు. టీవీ నుంచి వస్తున్నది ఎడమ, కుడి అని రెండే చానెళ్లు. ఆ సెట్ వాటినే కాపీ చేసి ఐదు స్పీకర్లకూ పంచుతోంది. స్పీకర్లు పాడవలేదు, సెట్ చెడిపోలేదు. నేను కొన్నదే అది.

20 నుంచి 25 వేల లోపు బడ్జెట్‌తో, ఒక మామూలు బెడ్‌రూమ్‌ను సినిమా గదిగా మార్చుకోవాలనుకునే వాళ్లకు ఈ తప్పు చాలా సులభంగా జరుగుతుంది. అందుకే స్పీకర్ల కంటే ముందు సిగ్నల్ గురించి మాట్లాడుకుందాం.

5.1 అసలు ఎక్కడ తెగిపోతుంది?

5.1 అంటే ముందు ఎడమ, సెంటర్, కుడి, వెనక (నిజానికి పక్కన) రెండు సరౌండ్‌లు. ఆ ".1" అనేది సబ్ ఊఫర్‌కు విడిగా వచ్చే ఎల్‌ఎఫ్‌ఈ చానెల్. అందులో దాదాపు 120 హెర్ట్జ్ లోపు శబ్దాలే ఉంటాయి, అందుకే దాన్ని పూర్తి చానెల్‌గా లెక్కపెట్టరు. సినిమాలో ఈ ఆరూ వేర్వేరు ట్రాకులు. మన గదిలో కూడా ఆరూ వేర్వేరుగానే రావాలి.

ఆ ట్రాకులు యాప్ నుంచి స్పీకర్ దాకా వచ్చే దారి ఇలా ఉంటుంది: యాప్ 5.1 పంపాలి, టీవీ దాన్ని చెడగొట్టకుండా బయటికి ఇవ్వాలి, కేబుల్ దాన్ని మోయగలగాలి, అవతల దాన్ని విడదీసే డీకోడర్ ఉండాలి, ఆ తర్వాతే ఆంప్లిఫైయర్, స్పీకర్లు. ఇందులో ఒక్కచోట తెగినా మీకు వచ్చేది స్టీరియోనే. చవక సెట్లలో దాదాపు ఎప్పుడూ తెగేది డీకోడర్ దగ్గర.

కేబుళ్ల సంగతి తేల్చేద్దాం. ఎరుపు తెలుపు ఆర్‌సీఏ పిన్నులు, హెడ్‌ఫోన్ జాక్, ఈ రెండిట్లోనూ రెండు చానెళ్లకు మించి రావు. బ్లూటూత్ కూడా మామూలుగా స్టీరియోనే. ఆప్టికల్ కేబుల్‌లో డాల్బీ డిజిటల్ 5.1, డీటీఎస్ 5.1 వస్తాయి, కానీ ఓటీటీ యాప్‌లు ఎక్కువగా వాడే డాల్బీ డిజిటల్ ప్లస్ మాత్రం రాదు. దాన్ని టీవీ మామూలు డాల్బీ డిజిటల్‌గా మార్చి ఇవ్వాలి. చాలా టీవీలు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీలో ప్లస్ కూడా వస్తుంది. ఈ ఏఆర్‌సీ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది కాబట్టి మీ టీవీ మరీ పాతది కాకపోతే ఒక పోర్ట్ పక్కన "ఏఆర్‌సీ" అని రాసి ఉంటుంది. ఆ ఒక్క పోర్ట్‌లోనే పెట్టాలి, పక్కదాంట్లో పెడితే సౌండ్ రాదు. ఈఏఆర్‌సీ గురించి ఈ బడ్జెట్‌లో బాధపడొద్దు. అది బ్లూ-రే డిస్కుల్లో ఉండే కంప్రెస్ చేయని స్థాయి ఆడియో కోసం. ఓటీటీకి ఏఆర్‌సీ సరిపోతుంది.

కాబట్టి షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎన్ని వాట్స్?" కాదు, "ఇందులో డాల్బీ డిజిటల్ డీకోడర్ ఉందా?" సేల్స్‌మన్ ఉందంటే సరిపోదు. బాక్స్ మీద డాల్బీ లోగో, వెనక హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ లేదా ఆప్టికల్ పోర్ట్, ఈ రెండూ మీ కళ్లతో చూడాలి. ఆప్టికల్ పోర్ట్ ఒక్కటే ఉండి డాల్బీ లోగో లేకపోతే జాగ్రత్త, అలాంటివి కొన్ని ఆప్టికల్‌లో కూడా స్టీరియోనే తీసుకుంటాయి.

ఇప్పటికే డీకోడర్ లేని సెట్ ఉంటే?

పారేయక్కర్లేదు. వెనక ఆరు ఆర్‌సీఏ పిన్నులు లేదా మూడు 3.5 ఎంఎం జాక్‌లు ఉన్నాయేమో చూడండి. ఫ్రంట్, రియర్, సెంటర్-సబ్ అని పేర్లుంటాయి. ఉంటే అది నిజమైన 5.1 తీసుకోగలదు, విడదీసిచ్చేవాడే లేడు. ఆప్టికల్ తీసుకుని ఆరు అవుట్‌పుట్లు ఇచ్చే చిన్న డీకోడర్ డబ్బా ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలలో దొరుకుతుంది. డెస్క్‌టాప్ పీసీ వాడేవాళ్లకు అది కూడా అవసరం లేదు. మదర్‌బోర్డ్ వెనక మూడు నుంచి ఐదు ఆడియో జాక్‌లు ఉంటే విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో 5.1 ఎంచుకుని మూడు కేబుళ్లు పెట్టేయడమే. నా ఏడు వేల సెట్‌ను అలాగే బతికించాను. డైలాగ్ తెరమీదికి వెళ్లింది, వెనక స్పీకర్లు సినిమాలో సగం సేపు నిశ్శబ్దంగా ఉండడం మొదలైంది. మొదట్లో అది చూసి ఇంట్లోవాళ్లు "వెనకవి పోయినట్టున్నాయి" అన్నారు. సరౌండ్ స్పీకర్లు అలాగే ఉండాలి. వర్షం, జనం, బుల్లెట్, ప్రతిధ్వని, ఇవి ఉన్నప్పుడే పలకాలి. ఎప్పుడూ పాడుతున్నాయంటేనే అనుమానించాలి.

వాట్స్ మాయ

పీఎంపీఓ అని కనిపిస్తే ఆ నంబర్‌ను చదవకుండా వదిలేయండి. దానికి ఒక కొలత పద్ధతంటూ లేదు, ఎవరికి నచ్చింది వాళ్లు వేసుకోవచ్చు. ఆర్‌ఎంఎస్ అని రాస్తే కొంత నమ్మొచ్చు, అక్కడ కూడా ఎంత డిస్టార్షన్ దగ్గర కొలిచారన్నది చూడాలి. 10 శాతం డిస్టార్షన్ దగ్గర 100 వాట్స్ ఇచ్చే సెట్, శుభ్రంగా ఇచ్చేది అంతకంటే చాలా తక్కువ. ఇంకో చిట్కా: సబ్ ఊఫర్ వెనక కరెంట్ లేబుల్ చూడండి. దాని మీద ఉండేది మామూలు వాడకంలో కొలిచిన అంకె కాబట్టి అసలు పవర్ కంటే కాస్త తక్కువే ఉంటుంది, అది సహజం. కానీ గోడలోంచి 60 వాట్స్ తీసుకుంటానని లేబుల్ మీద రాసి, బాక్స్ మీద పది వేల వాట్స్ ఇస్తానంటే నవ్వుకుని పక్కన పెట్టేయండి.

అసలు మనకెంత కావాలి? ఒక మామూలు స్పీకర్ సెన్సిటివిటీ 87 డెసిబెల్స్ అనుకుందాం. అంటే ఒక్క వాట్ ఇస్తే మీటర్ దూరంలో 87 డెసిబెల్స్ వస్తాయి. మీరు రెండున్నర మీటర్ల దూరంలో కూర్చుంటే సుమారు 8 తగ్గి 79. పది వాట్స్ ఇస్తే 89. ఇంట్లో డైలాగులు మనం వినేది 65, 70 దగ్గరే. ఒక్కసారిగా వచ్చే పేలుళ్లకు 20 డెసిబెల్స్ ఖాళీ ఉంచుకున్నా, చిన్న గదికి స్పీకర్‌కు 20, 30 వాట్స్ నిజమైనవి ఉంటే చాలు. పైగా వాట్స్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. సౌండ్ రెండింతలైనట్టు చెవికి అనిపించాలంటే దాదాపు పదింతల పవర్ కావాలి. 400 వాట్స్ సెట్‌కీ 500 వాట్స్ సెట్‌కీ మధ్య తేడా కోసం రెండు వేలు ఎక్కువ పెట్టడం దండగ. ఆ డబ్బుతో సోఫా కింద ఒక మందపాటి కార్పెట్ వేయండి. ఎందుకో కింద చెప్తా.

మరి ఏ దారి?

సూటిగా చెప్పాలంటే, 20 వేల దగ్గర ఎక్కువమందికి నా సలహా వెనక స్పీకర్లు విడిగా వచ్చే సౌండ్‌బార్ సెట్. సోనీ హెచ్‌టీ-ఎస్20ఆర్ ఈ రకానికి బాగా తెలిసిన ఉదాహరణ: బార్‌లో ముందు మూడు చానెళ్లు, విడిగా సబ్ ఊఫర్, వైర్‌తో రెండు వెనక స్పీకర్లు, హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ, డాల్బీ డిజిటల్. మొత్తం 400 వాట్స్ అని కంపెనీ మాట. బార్ కాబట్టి ముందు ఎడమ, కుడి మధ్య దూరం తక్కువ, పాటల్లో ఆ వెడల్పు రాదు. కానీ డైలాగ్ తెర మధ్యలోంచి వస్తుంది, వెనక శబ్దం వెనకనుంచే వస్తుంది. మన గొడవ మొదలైందే అక్కడ కదా. ఈ రకం కొనేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి: బాక్స్ మీద "సరౌండ్" అని ఉండి లోపల వెనక స్పీకర్లు లేకపోతే అది వర్చువల్ సరౌండ్. చిన్న టైల్స్ గదిలో అది పెద్దగా పనిచేయదు.

పీసీ, గేమింగ్ కన్సోల్ ఎక్కువ వాడేవాళ్లు లాజిటెక్ జడ్906 గురించి వినే ఉంటారు. 500 వాట్స్ ఆర్‌ఎంఎస్, డాల్బీ డిజిటల్, డీటీఎస్ రెండూ లోపలే డీకోడ్ చేస్తుంది, ఆరు చానెళ్ల అనలాగ్ ఇన్‌పుట్ కూడా ఉంది. హెచ్‌డీఎంఐ మాత్రం లేదు. అందుకే టీవీతో వాడాలంటే మీ టీవీ ఆప్టికల్‌లోంచి డాల్బీ డిజిటల్ ఇస్తుందో లేదో ముందే చూసుకోవాలి. ఈ బడ్జెట్‌కు కాస్త పైనే పడొచ్చు, ఆఫర్ టైమ్‌లో చూడండి.

మూడో దారి ఏవీ రిసీవర్. ఇందులో మనసుకు నచ్చిన స్పీకర్లు, మైక్‌తో గదిని కొలిచే ఆటో సెటప్, పదేళ్ల తర్వాత కూడా ఒక్కో భాగం మార్చుకునే వీలు అన్నీ ఉంటాయి. ఖర్చు కూడా ఉంటుంది. యమహా ఆర్‌ఎక్స్-వీ385 లాంటి ఎంట్రీ లెవెల్ రిసీవర్ కొత్తది కొంటే బడ్జెట్ దానికే అయిపోతుంది. ఓపికుంటే సెకండ్‌హ్యాండ్‌లో వెతకండి. పాతది కొనేటప్పుడు ఐదు చానెళ్లకూ ఒకే స్పీకర్ మార్చి మార్చి పెట్టి వినండి, హెచ్‌డీఎంఐ పోర్టులన్నీ పరీక్షించండి, సెటప్ మైక్ ఉందో లేదో అడగండి. ముందు రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లతో మొదలుపెట్టి, ఆరు నెలలకు సెంటర్, ఆపైన సబ్, చివర్లో సరౌండ్‌లు. డబ్బు నెలనెలా చేతికొచ్చే వాళ్లకు ఇదే మంచి దారని నా అభిప్రాయం. బాక్స్‌లో వచ్చే రెడీమేడ్ సెట్ స్పీకర్లను మాత్రం తర్వాత రిసీవర్‌కు పెడదాంలే అనుకోవద్దు. వాటి ఇంపెడెన్స్ చాలావరకు 3, 4 ఓమ్స్ ఉంటుంది, చిన్న రిసీవర్లు 6 నుంచి 8 ఓమ్స్ అడుగుతాయి.

అట్మాస్? ఈ డబ్బుకు వద్దు. ఐదు చానెళ్లు శుభ్రంగా రావడమే ముందు.

10 బై 12 గదిలో ఎక్కడ పెట్టాలి

మన అపార్ట్‌మెంట్లలో రెండో బెడ్‌రూమ్ కొలత దాదాపు ఇదే. టీవీ 10 అడుగుల గోడకు పెట్టండి. సోఫా 8 అడుగుల దూరంలో ఉంటే తల వెనక ఇంకా 4 అడుగులు మిగులుతుంది. ఆ ఖాళీ చాలా విలువైనది. సోఫాను వెనక గోడకు ఆనించేస్తే బేస్ మొత్తం చెవుల దగ్గర పోగుపడుతుంది, సరౌండ్ స్పీకర్లకు చోటూ ఉండదు.

ముందు రెండు స్పీకర్లు మీ ముక్కుకు సూటిగా గీసిన గీత నుంచి ఇటూ అటూ 22 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి. 8 అడుగుల దూరానికి లెక్కేస్తే రెండిటి మధ్య ఆరున్నర నుంచి తొమ్మిది అడుగులు. ఈ గోడకు ఏడు అడుగులు పెట్టుకోండి. సెంటర్ టీవీ కింద, మీ చెవి వైపు కాస్త పైకి వంచి. షెల్ఫ్ లోపలికి తోసేయకండి, అంచు దాకా ముందుకు లాగండి, లేకపోతే గొంతులు డబ్బాలోంచి వచ్చినట్టుంటాయి.

సరౌండ్‌లు 110 డిగ్రీల దగ్గర, అంటే మీ భుజాలకు కొంచెం వెనక, పక్క గోడల మీద. ఎత్తు చెవి కంటే ఒకటి రెండు అడుగులు పైన, నేల నుంచి సుమారు ఐదు అడుగులు. చాలామంది వీటిని తీసుకెళ్లి వెనక మూలల్లో సీలింగ్ దగ్గర మేకులకు తగిలిస్తారు. పెళ్లిపందిట్లో బాక్సులు కట్టినట్టు! అక్కడినుంచి వచ్చే సౌండ్ మొత్తం మూలనే తిరుగుతుంది.

మెనూలో "డిస్టెన్స్" సెట్టింగ్ ఉంటే టేపుతో కొలిచి వేయండి. శబ్దం ఒక అడుగు రావడానికి సుమారు ఒక మిల్లీసెకండ్ పడుతుంది. వెనక స్పీకర్ 5 అడుగుల్లో, ముందుది 9 అడుగుల్లో ఉంటే నాలుగు మిల్లీసెకండ్ల దాకా తేడా. చెవి ముందు చేరిన శబ్దం వైపే తిరుగుతుంది, సీన్ మొత్తం వెనక్కి జరిగినట్టు ఉంటుంది.

ఇక సబ్ ఊఫర్. కొత్తవాళ్లు ఎక్కువగా తిట్టుకునేదీ, సరిచేయడానికి పైసా ఖర్చు లేనిదీ ఇదే. రెండు గోడల మధ్య కొన్ని ఫ్రీక్వెన్సీలు నిలిచిపోతాయి. శబ్ద వేగం 343 మీటర్లను గది పొడవుకు రెట్టింపుతో భాగిస్తే మొదటిది వస్తుంది. 12 అడుగులకు సుమారు 47 హెర్ట్జ్, 10 అడుగులకు 56. సీలింగ్ కూడా 10 అడుగులే అయితే 56 దగ్గర రెండు కలిసి ఇంకా గుమ్మంటుంది. అందుకే ఒక సినిమాలో బేస్ అదిరిపోతుంది, ఇంకోదాంట్లో మాయమవుతుంది. స్పీకర్ మారిస్తే ఇది పోదు, చోటు మారిస్తే తగ్గుతుంది. ఒక పద్ధతి ఉంది: సబ్‌ను సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ గిటార్ వరసగా వినిపించే పాట ఒకటి తిప్పుతూ, మీరు గోడల వెంబడి వంగి నడవండి. ఏ చోట అన్ని నోట్లూ సమానంగా వినిపిస్తాయో అక్కడ సబ్ పెట్టేయండి. ఇంట్లోవాళ్లు లేనప్పుడు చేస్తే మంచిది, చూసేవాళ్లకు వింతగా ఉంటుంది.

మూడంగుళాల లోపు చిన్న స్పీకర్లు ఉన్న సెట్లలో సబ్ 120, 150 హెర్ట్జ్ దాకా మోయాల్సి వస్తుంది. అంత పైకి వెళ్తే బేస్ ఎటునుంచి వస్తోందో చెవికి తెలిసిపోతుంది. అలాంటి సబ్‌ను వెనక మూలలో పెట్టకుండా ముందు గోడ వైపే ఉంచండి.

వైర్లు, గోడలు

వెనక స్పీకర్‌కు టీవీ దగ్గర్నుంచి స్కర్టింగ్ వెంబడి తీసుకెళ్తే, ఎక్కిదిగే చోట్లతో కలిపి 20 అడుగులు సులువుగా అవుతుంది. బాక్స్‌లో ఇచ్చిన వైర్ ఎంతుందో కొనేముందే చూడండి. చాలకపోతే ప్రత్యేకంగా "ఆడియో కేబుల్" అని అడిగి డబ్బులు పోసుకోవద్దు. ఎలక్ట్రికల్ షాపులో దొరికే రెండు కోర్‌ల 1 స్క్వేర్ ఎంఎం రాగి ఫ్లెక్సిబుల్ వైర్ ఈ దూరానికి బ్రహ్మాండంగా సరిపోతుంది. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చే స్పీకర్ వైర్ చాలాసార్లు పైన రాగి పూసిన అల్యూమినియం. ప్లస్, మైనస్ అన్ని స్పీకర్లకూ ఒకేలా కలపండి. ఒకటి తిరగబడితే బేస్ పలచబడి, మధ్యలోంచి రావాల్సిన గొంతు గదంతా చెదిరిపోతుంది. వైర్‌లెస్ రియర్ స్పీకర్లకు కూడా కరెంట్ ప్లగ్ కావాలి, అక్కడ సాకెట్ ఉందేమో చూసుకోండి.

మన గదులు వింటే అన్నీ ఒకటే: కింద టైల్స్, చుట్టూ సిమెంట్ గోడలు, ఒక పెద్ద గాజు కిటికీ. చప్పట్లు కొట్టి వినండి, తోకలాగా "టింగ్" అని వినిపిస్తే డైలాగులు అర్థం కాకపోవడానికి సగం కారణం అదే. సోఫాకు టీవీకి మధ్య మందపాటి కార్పెట్, కిటికీకి బరువైన కర్టెన్లు మడతలు వచ్చేలా, వెనక గోడకు పుస్తకాల అలమర. పాత పరుపు నిలబెట్టినా తప్పులేదు. గుడ్ల ట్రేలు అంటించడం మాత్రం వద్దు, అవి పై శబ్దాలను కొంచెం చెదరగొట్టడం తప్ప పక్కింటికి వెళ్లే సౌండ్‌ను ఆపవు. బేస్ స్లాబ్ గుండా కింది ఫ్లోర్‌కు వెళ్తుంది. సబ్ కింద మందమైన రబ్బర్ మ్యాట్ కొంత నయం, రాత్రి పదింటి తర్వాత "నైట్ మోడ్" ఇంకా నయం. పేలుళ్లను తగ్గించి గొంతులను పైకి తెచ్చే సెట్టింగ్ అది.

బిగించిన రోజే చేయాల్సినవి

టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ అవుట్‌పుట్ "పీసీఎం" అని ఉంటే "ఆటో" లేదా "పాస్‌త్రూ" చేయండి. చాలా టీవీల్లో పీసీఎం అంటే స్టీరియోనే. తర్వాత యాప్‌లో ఆడియో మెనూ తెరిచి తెలుగు ట్రాక్ పక్కన 5.1 ఉందేమో చూడండి. కొన్ని సినిమాలకు ఒక భాషలో 5.1, మరో భాషలో స్టీరియో ఇస్తారు. యూట్యూబ్‌లో ఎక్కువ వీడియోలు స్టీరియోనే కాబట్టి అక్కడ పరీక్ష పెట్టి సెట్ బాలేదనుకోవద్దు.

పెన్‌డ్రైవ్‌లో ఒక 5.1 చానెల్ చెక్ క్లిప్ వేసుకుని ప్లే చేయండి. "లెఫ్ట్" అన్నప్పుడు ఎడమదే, "సెంటర్" అన్నప్పుడు మధ్యదే పలకాలి. రెండు మూడు కలిసి పలికితే దారిలో ఎక్కడో తెగిందన్నమాట, మొదటి నుంచి ఒక్కో మెట్టూ చూసుకోండి. అన్నీ సరిగ్గా వచ్చాక, బాగా తెలిసిన సినిమాలో మనుషులు మెల్లగా మాట్లాడుకునే సీన్ పెట్టి, ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి ప్రతి మాటా వినిపిస్తోందా అని అడగండి. లేదంటే సెంటర్ లెవెల్ 2, 3 డెసిబెల్స్ పెంచండి. మా అమ్మకు 3 పెంచాక రిమోట్‌తో వాల్యూమ్ పైకీ కిందకీ ఆడించడం ఆగిపోయింది.

ఇదంతా రిటర్న్ గడువు లోపలే చేసేయండి. అట్టపెట్టె, థర్మోకోల్ అప్పటిదాకా అటక మీద ఉండనివ్వండి.